మాంతేన్యా వ్రాసిన మృతక్రీస్తు చిత్రము

ఇటలీదేశమందలి మిలాను నగరమున బ్రేరా అను ప్రసిద్ధ చిత్రశాల కలదు. అందు నిలువెత్తు పటములును, బంగారుపూతతో మెరయు బలిపీఠపు చిత్రములును అనేకములున్నవి. వాటి నడుమ, మనము తరగతిగదిలో గోడకు వ్రేలాడదీయు దేశపటముకంటె చిన్నదైన గుడ్డపటమొకటి చూడవచ్చినవారిని నిలువబెట్టి, మాటాడనీయకుండ చేయుచున్నది. దాని యెత్తు 68 సెంటీమీటర్లు, వెడల్పు 81 సెంటీమీటర్లు మాత్రమే. అందు చూపబడినది సిలువమీదనుండి దింపి రాతిపలకపై పరుండబెట్టిన క్రీస్తుప్రభువు దేహము. వ్రాసినవాడు ఆండ్రెయా మాంతేన్యా. ఇతడు సుమారు 1431వ సంవత్సరమున జన్మించి, 1506వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన మృతినొందెను.

ఈ చిత్రముయొక్క అచ్చుప్రతిని మన పై తరగతుల పిల్లలకు చూపినప్పుడు రెండు ప్రశ్నలు వచ్చినవి. డ్రాయింగునందు అభిరుచిగల బాలుడొకడు, "అయ్యా, కాళ్లు మనకు దగ్గరగాను తల దూరముగాను ఉన్నవి గదా. అట్లయిన కాళ్లే పెద్దవిగా నుండవలెను గాని తల పెద్దదిగా ఉన్నదేమి?" అని అడిగెను. బాలిక యొకతె చాలసేపు ఊరకుండి, "ప్రభువును ఇట్లు పీనుగువలె చూపవచ్చునా అండీ?" అని అడిగెను. మొదటి ప్రశ్న కంటికి సంబంధించినది. రెండవది విశ్వాసమునకు సంబంధించినది. ఒకదానికి ఉత్తరము చెప్పవలెనన్న రెండవదానిని కూడ ముట్టక తప్పదు. ఈ వ్యాసము ఆ రెండు ప్రశ్నలనుబట్టియే వ్రాయబడుచున్నది.

మొదట చిత్రమును నిదానముగా చూతము. మనము రాతిపలకకు పాదములవైపున నిలిచియున్నాము. ఆ రాయి ఎఱ్ఱనిది, చారలు గలది. పూర్వము కాన్‌స్టాంటినోపిలు పట్టణమున, ప్రభువు దేహమునకు సుగంధద్రవ్యములు పూసిన రాయి యని ఒక ఎఱ్ఱరాతిని భక్తులు గౌరవించుచుండిరి. చిత్రకారుడు దానినే తలచెనని పండితులనేకులు చెప్పుదురు. ప్రభువు పాదములు రెండును పలక అంచును దాటి మనవైపునకు చాచియున్నవి. అరికాళ్లలో మేకులు దిగిన గుర్తులు స్పష్టముగా కనబడుచున్నవి. వాటినుండి నెత్తురు కారుటలేదు. గాయములు కడుగబడి ఆరిపోయినవి. చిరిగిన చర్మపు అంచులు ఎండిన కాగితమువలె లేచియున్నవి. నడుమునుండి క్రిందికి ఒక వస్త్రము కప్పబడియున్నది. చేతులు రెండును ప్రక్కలకు వాలి, వ్రేళ్లు కొంచెము ముడుచుకొని, వెనుకతట్టునందలి గాయములను చూపుచున్నవి. ఆపైని విశాలమైన ఛాతి, ఆ తరువాత తలగడపై ఒక ప్రక్కకు ఒరగిన తల. కన్నులు మూయబడియున్నవి. కుడివైపున తలగడచెంత సుగంధతైలపు పాత్ర యొకటి ఉన్నది. ఎడమవైపున, పటపు అంచునకు ఒత్తుకొని, దుఃఖించువారు ముగ్గురున్నారు. దేవదూతలు లేరు. ఆకాశము లేదు. వెనుక చీకటి తప్ప మరేమియు లేదు.

రంగులుకూడ అట్టివే. బూడిదవన్నె, మట్టివన్నె, వెలిసిన గులాబివన్నె. ఇది నూనెరంగులతో గాక, టెంపెరా అను పద్ధతిని గుడ్డమీద వ్రాసిన చిత్రము. ఈ పద్ధతియందు రంగుపొడిని నూనెతో కలుపక, జిగురువంటి పదార్థముతో కలుపుదురు. అది శీఘ్రముగా ఆరిపోవును, నూనెరంగువలె నిగనిగలాడదు. అందుచేత ఒక గీత ప్రక్కన మరియొక గీతను సన్నని కుంచెతో ఓపికగా గీయవలెను. మాంతేన్యాకు ఆ గట్టితనమే ఇష్టము. అతని చిత్రములలో మాంసమును రాతివలె, గుడ్డను రేకువలె చేసినాడని ఆ కాలమునుండియు ఒక ఆక్షేపణ కలదు. నిజమే, కాని మరణించిన దేహమును చూపవలసివచ్చినప్పుడు ఆ దోషమే గుణమాయెను.

ఇతడు ధనవంతుల బిడ్డ కాడు. పాదువా పట్టణమునకు సమీపముననున్న ఐసొలా ది కార్తురో అను పల్లెలో వడ్లవాని యింట పుట్టెను. పదియేండ్లు దాటిన కొలదికాలమునకే పాదువాలో ఫ్రాంచెస్కో స్క్వార్చోనే అను చిత్రకారునియొద్ద చేరెను. ఈ స్క్వార్చోనే మొదట కుట్టుపనివాడు. తరువాత చిత్రకళలోనికి దిగి, ప్రాచీన రోమీయుల శిల్పములను, వాటి అచ్చులను సేకరించి, వాటిని చూచి గీయుమని శిష్యులకు నేర్పుచుండెను. తెలివిగల బాలురను దత్తు తీసికొని, వారి పనిని తన పేర అమ్ముకొనుట కూడ అతని వాడుక. మాంతేన్యా అట్టి దత్తపుత్రులలో నొకడు. 1448వ సంవత్సరమున, పదునేడేండ్ల ప్రాయమున, అతడు ఆ యింటినుండి వెడలి స్వతంత్రుడాయెను. వ్యవహారము న్యాయస్థానమువరకు పోయెను. తక్కువ వయస్సున చేయించుకొన్న ఒడంబడిక చెల్లదని 1456వ సంవత్సరమున వెనిసులో తీర్పు వచ్చెను. గురువునుండి అతనికి దక్కినది ప్రాచీన శిల్పములయెడల జీవితాంతము విడువని ప్రేమ. ఇది కొలదిపాటి లాభము కాదు.

ఆ కాలమునందే శిల్పులలో అగ్రగణ్యుడైన దొనతెల్లో ఫ్లోరెన్సునుండి వచ్చి, 1443 మొదలు దాదాపు పదియేండ్లు పాదువాలో పనిచేసెను. అచ్చటి పరిశుద్ధ అంతోనివారి దేవాలయములో అతడు చెక్కిన క్రీస్తు సమాధి శిల్పమందు స్త్రీలు జుట్టు పీకికొనుచు, చేతులెత్తి రోదించుచున్నారు. మాంతేన్యా దానిని తప్పక చూచియుండును. అంతకుమించి, అతడు పనిచేసిన ఎరెమితానీ దేవాలయమునకు కొలది అడుగుల దూరముననే, సుమారు 1305వ సంవత్సరమున జొత్తో అను మహాచిత్రకారుడు గోడలనిండ బొమ్మలు వ్రాసిన అరేనా ప్రార్థనామందిరమున్నది. అందొక గోడమీద ఇదే దుఃఖఘట్టము కలదు. తల్లి కుమారుని మెడచుట్టు చేయి వేసి, ముఖమునకు ముఖము చేర్చి చూచుచున్నది. యోహాను చేతులు వెనుకకు చాచి వంగియున్నాడు. ఇద్దరు స్త్రీలు మనకు వీపు త్రిప్పి కూర్చుండియున్నారు. ఆకాశమున చిన్న చిన్న దేవదూతలు పక్షులవలె ఎగురుచు ఏడ్చుచున్నారు. కొండమీద ఎండిన చెట్టొకటి.

ఇచ్చట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. దేహముచుట్టు అందరును కూడి విలపించు ఈ ఘట్టము సువార్తలలో ఇట్లు వర్ణింపబడి యుండలేదు. అరిమతయియ యోసేపు పిలాతునడిగి దేహమును తీసికొనెననియు, నీకొదేము బోళమును అగరును తెచ్చెననియు, నారబట్టలతో చుట్టి సమాధిలో ఉంచిరనియు, స్త్రీలు చూచుచుండిరనియు మాత్రము మనము చదువుదుము. తల్లి దేహమును పట్టుకొని యేడ్చినదన్న మాట నాలుగు సువార్తలలోను లేదు. ఆ చోటిని భక్తులు తమ హృదయములతో నింపిరి. మొదట గ్రీకుసంఘపు చిత్రములలోను, తరువాత ఇటలీలోను, పిమ్మట ఉత్తరదేశములలోను ఈ విషయము వ్యాపించెను. ఏ చిత్రకారుడైనను దీనిని వ్రాయుటయనగా, ప్రతి తల్లియు అట్లే చేసియుండునని ఎరిగి వ్రాయుటయే.

మాంతేన్యా యౌవనమునందు ఎరెమితానీ దేవాలయములోని ఒవెతారి ప్రార్థనామందిరపు గోడలమీద వ్రాసిన చిత్రములే అతనికి కీర్తి తెచ్చెను. అందొకదానియందు అపొస్తలుడైన యాకోబును చంపుటకు తీసికొనిపోవుచుందురు. ఆ చిత్రము చూపరుల కన్నులకంటె ఎత్తుననుండునది గనుక, క్రిందినుండి పైకి చూచినయెడల ఎట్లు కనబడునో అట్లే లెక్కప్రకారము వ్రాసెను: ముందున్నవారి పాదములు అంచుమీద నిలిచియున్నవి, వెనుకనున్నవారి పాదములు నేలచాటున మరుగైపోయినవి. ఆ మందిరమును కట్టించిన కుటుంబపు విధవరాలు ఇంపెరాత్రిచే ఒవెతారి, పండ్రెండుగురు అపొస్తలులుండవలసినచోట ఎనమండుగురినే వ్రాసెనని 1457వ సంవత్సరమున అతనిపై వ్యాజ్యెము వేసెను! చోటు ఇరుకైనదని తోటి చిత్రకారులు సాక్ష్యము చెప్పవలసివచ్చెను. నలుగురు అపొస్తలులను ఎగవేసినాడని ఒక చిత్రకారుని కోర్టుకీడ్చుట మన పిల్లలకు నవ్వు పుట్టించును గాని, ఆ కాలమున చిత్రమనగా కొలతప్రకారము కొనుక్కొనెడి సరకు కూడనని దీనివలన తెలియుచున్నది.

ఆ చిత్రములకు పట్టిన గతిని చెప్పకుండ ముందుకు పోజాలను. రెండవ ప్రపంచయుద్ధమందు, 1944వ సంవత్సరము మార్చి 11వ తేదీన, మిత్రరాజ్యముల విమానములు వేసిన బాంబులవలన ఎరెమితానీ దేవాలయములోని ఆ భాగము కూలిపోయెను. ముందే గోడనుండి విడదీసి వేరొకచోట భద్రపరచిన కొన్ని భాగములు మాత్రము దక్కెను. తక్కినవి వేలకొలది ముక్కలైపోయెను. ఆ పెంకులను ఏరి పెట్టెలలో దాచిరి. అనేక సంవత్సరములు గడచిన పిమ్మట, పాత ఛాయాచిత్రములను ఆధారముగా చేసికొని, కంప్యూటరు సహాయముతో ఏ ముక్క ఎచ్చటిదో గుర్తించి, 2006వ సంవత్సరమున కొంతవరకు తిరిగి గోడమీద నిలిపిరి. ప్రక్కనేయున్న జొత్తో మందిరము ఆ దినమున కూలకుండ మిగిలెను.

1453వ సంవత్సరమున మాంతేన్యా వెనిసునందలి ప్రసిద్ధ చిత్రకారుడు యాకొపో బెల్లీనీ కుమార్తె నికొలోసియాను వివాహమాడెను. దీనిచేత జెంతీలే, జొవాన్ని బెల్లీనీలు అతనికి బావమరదులైరి. 1460వ సంవత్సరమున మాంతువా సంస్థానాధిపతియైన లుదొవీకో గొంజాగా పిలువగా ఆ కొలువున చేరి, మరణపర్యంతము అచ్చటనే ఉండెను. జీతము నెలకు 15 దుకాతులను బంగారునాణెములు; ఉండుటకు ఇల్లు, ఆరుగురికి సరిపడు ధాన్యము, వంటచెరకు అదనము. ఈ లుదొవీకో బాల్యమునందు విత్తొరీనో దా ఫెల్త్రె అను ఉపాధ్యాయునియొద్ద చదువుకొన్నవాడు. విత్తొరీనో 1423వ సంవత్సరమున మాంతువాలో పాఠశాల స్థాపించి, ప్రభువుల బిడ్డలతోపాటు బీదల బిడ్డలనుకూడ రుసుము లేకుండ చేర్చుకొని, ఆటలతో చదువు చెప్పిన మహనీయుడు. ఉపాధ్యాయవృత్తిలోనున్న నేను ఆ పేరును ఎత్తకుండ మాంతువాను దాటలేను.

ఆ కోటలోని ఒక గది గోడలమీద మాంతేన్యా గొంజాగా కుటుంబమును వ్రాసి 1474వ సంవత్సరమున ముగించెను. దాని పైకప్పు నడుమ ఒక గుండ్రని రంధ్రముద్వారా ఆకాశము కనబడునట్లును, స్త్రీలును రెక్కలుగల పసిపిల్లలును ఆ గట్టుమీదనుండి మనలను తొంగిచూచుచున్నట్లును వ్రాసెను. నిజమునకు అక్కడ రంధ్రము లేదు, గట్టు లేదు. ఇంగ్లండులోని హాంప్టన్ కోర్టు రాజమందిరమున నేటికిని ఉన్న కైసరు విజయయాత్ర చిత్రములు తొమ్మిదియు ఇతనివే. కోపస్వభావుడు, ఇరుగుపొరుగువారితో తగవులు పడి ప్రభువునకు ఫిర్యాదులు వ్రాసికొనుచుండెను.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. దూరమునకు పోవుకొలది వస్తువులు చిన్నవిగా కనబడునను నియమమును లెక్కప్రకారము చిత్రములందు ప్రయోగించుట ఇటలీలో 15వ శతాబ్దమున ఆరంభమాయెను. ఫ్లోరెన్సువాడైన బ్రూనెల్లెస్కి దానిని ప్రయోగించి చూపెను. లెయోన్ బత్తిస్తా అల్బెర్తి 1435వ సంవత్సరమున పుస్తకముగా వ్రాసెను. నిడుపైన వస్తువును కొననుండి చూచినప్పుడు దాని నిడివి కుదించుకొని కనబడుటకూడ ఆ నియమములోనిదే. చేతిలోని పెన్సిలును కంటివైపునకు త్రిప్పి చూడుడు. అది చుక్కంత యగును.

దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. అయిదున్నర అడుగుల బాలుని బల్లపై పరుండబెట్టుడు. అతని పాదములకు మూడడుగుల దూరమున కూర్చుండి, ఒక కన్ను మూసి, చాచిన చేతిలోని కఱ్ఱపుల్లతో పాదమును, తలను కొలువుడు. కంటికి పాదము మూడడుగులు, తల ఎనిమిదిన్నర అడుగులు దూరమున నుండును. కావున తలయొద్దనున్న వస్తువుకంటె పాదములయొద్ద నున్న అంతటి వస్తువు దాదాపు మూడు రెట్లు పెద్దదిగా కనబడును. పాదములు కొండలవలె లేచి, ముఖము వాటి వెనుక మాయమగును. ఇప్పుడు ముప్పదియడుగుల దూరమునకు వెనుకకు జరిగి మరల కొలువుడు. దూరములు 30, 35½ అడుగులాయెను. తేడా అయిదవ వంతునకు లోబడియే యుండును. దూరమునుండి చూచినకొలది ముందు వెనుకల భేదము తగ్గిపోవునన్నమాట. అయినను మనుష్యుని పాదపు నిడివి సాధారణముగా అతని తల యెత్తుకంటె కొంచెము హెచ్చే. కనుక ముప్పది అడుగుల దూరమునుండి చూచినను పాదములే పెద్దవిగా ఉండవలెను. మాంతేన్యా చిత్రములోనో తలయే పెద్దది, పాదములు చిన్నవి.

కాబట్టి బాలుడు కనిపెట్టినది సరియైనదే. ఇది లెక్కకు విరుద్ధము. అంతేకాదు. పలకయొక్క పైతలమును చూచినయెడల మనము కొంత ఎత్తుననుండి క్రిందికి చూచుచున్నట్లుండును. అరికాళ్లను చూచినయెడల వాటికెదురుగా మోకరించియున్నట్లుండును. ఒక్క చిత్రములో రెండు చూపులు కలిసియున్నవి. యాకోబు చిత్రములో పాదములను లెక్కతప్పకుండ మరుగుపరచినవాడు, పైకప్పుమీద లేని ఆకాశమును నమ్మించినవాడు, ఇక్కడ లెక్క తెలియక తప్పెనని ఎవరు చెప్పగలరు? తెలిసియే మార్చెను. పాదములను లెక్కప్రకారము వ్రాసినయెడల చిత్రమంతయు పాదములే యగును; ముఖము కనబడదు. ముఖమునుబట్టి వ్రాసినయెడల, పాదములు మనకింత దగ్గరకు రావు. అతనికి రెండును కావలసియుండెను. అందుచేత పాదములను తగ్గించి, తలను పెంచి, నడుమనున్న కాళ్లను పూర్తిగా కుదించెను. మన కన్ను మొదట గాయపడిన అరికాళ్లయొద్ద తగులుకొని, పిమ్మట వస్త్రపు ముడుతలమీదుగా ప్రాకి, చేతుల గాయములను దాటి, ముఖమును చేరును. దీనిని నియమభంగమనుటకంటె, నియమమును పనిముట్టుగా వాడుకొనుట యనవచ్చును. పనిముట్టునకు పని లోబడదు గదా.

ఈ పటమునకెదురుగా ఎడమనుండి కుడికి నడచినయెడల పాదములు మనవైపే తిరుగుచున్నట్లు తోచును. ఇందులో మహిమయేమియు లేదు. చదునైన పటముపై మనకెదురుగా చాచినట్లు వ్రాసిన వస్తువు ఏ ప్రక్కనుండి చూచినను ఎదురుగానే చాచియుండును. వ్రేలు చూపుచున్న మనుష్యుని ప్రకటనచిత్రమును చూచినవారికి ఇది తెలిసినదే. అయినను పలకచుట్టు ఎక్కడ నిలిచినను ఆ పాదములనుండి తప్పించుకొనజాలమనునది చిత్రకారునికి తెలియని సంగతి కాదు.

పాదముల విషయమై మన తెలుగుదేశపువారికి ఐరోపావారికి తోచని తలంపొకటి తోచును. పెద్దల యెదుట కాళ్లు చాచుట మనలో అమర్యాద. అదే సమయమున, పూజ్యుల పాదములకే మనము నమస్కరించుదుము. తలిదండ్రుల పాదములనే ముట్టుదుము. అందుచేత ఈ పటమును మొదటిసారి చూచినప్పుడు మనలో ఒకింత సంకోచమును, వెంటనే వంగవలెనను కోరికయు కలిసి పుట్టును. సువార్తను చదివినవారికి మరికొన్ని జ్ఞప్తికి వచ్చును. పాపాత్మురాలైన స్త్రీ కన్నీళ్లతో తడిపిన పాదములు ఇవియే. బేతనియలో మరియ అత్తరు పూసిన పాదములు ఇవియే. శిష్యుల పాదములు కడిగినవాడు ఇప్పుడు తన పాదములను ఇతరులచేత కడిగించుకొని పరుండియున్నాడు. చిత్రములోని తైలపు పాత్ర ఈ సంగతులనన్నిటిని నోరెత్తకుండ చెప్పుచున్నది.

ఇక దుఃఖించువారు. పటమునకు అతి చేరువనున్నవాడు యోహాను; చేతులు జోడించి, చెంపలు నలుగునట్లు యేడ్చుచున్నాడు. అతని ప్రక్కన మరియ. సాధారణముగా చిత్రకారులు ఆమెను ఎన్నడును ముదిమి యెరుగని కన్యకగా వ్రాయుదురు. మాంతేన్యా ఆమెకు ముడుతలు పడిన చర్మమును, ముదుసలి నోటిని ఇచ్చెను. ఆమె రుమాలుతో కన్ను ఒత్తుకొనుచున్నది. శవము చెంత చాలసేపు ఏడ్చి ఏడ్చి, ఇంక కన్నీరు రాక, వచ్చినదానినైన తుడుచుకొనుచుండు స్త్రీని మనలో చూడనివారెవరు? వారి వెనుక చీకటిలో మూడవ ముఖమొకటి, మగ్దలేనే మరియదని తలంపబడునది, తెరచిన నోరును ముక్కును మాత్రము చూపుచున్నది. కన్నులు పటపు అంచున కత్తిరింపబడినవి. ఆమె అరచుచున్నదో మూలుగుచున్నదో మనకు వినబడదు.

జొత్తో చిత్రములో దుఃఖించువారు నడుమనున్నారు, దేహము వారి చేతులలోనున్నది. ఇచ్చట దుఃఖించువారు అంచునకు నెట్టబడి, వారిలో ఒక్కరును దేహమును ముట్టుటలేదు. పలకకు పాదములవైపున ఎవరును లేరు. ఆ చోటు చూచువానికే విడువబడెను.

ఆ బాలిక అడిగిన ప్రశ్న ఇక్కడనే వచ్చుచున్నది. ప్రభువును ఇట్లు చూపవచ్చునా? ఈ సందేహము ఆమెకే గాదు, పెద్దలకును కలిగినదే. స్విట్జర్లండునందలి బాజెలు నగరమున హాన్స్ హోల్బైను 1521, 1522వ సంవత్సరములలో వ్రాసిన మృతక్రీస్తు చిత్రమును 1867వ సంవత్సరమున చూచి, రష్యా రచయిత దొస్తయెవ్‌స్కీ మిక్కిలి కలవరపడెను. తన నవలలో ఒక పాత్రచేత, దీనిని చూచినవాని విశ్వాసము పోవచ్చునను భావమును పలికించెను. మన సండేస్కూలు కార్డులలోని ప్రభువు ఎల్లప్పుడును తెల్లని వస్త్రములతో, దువ్విన జుట్టుతో, గొఱ్ఱెపిల్లలనడుమ నుండును. వాటికి అలవాటుపడిన కన్నులకు ఈ చిత్రము కటువుగా తోచుట సహజమే.

నా అభిప్రాయము చెప్పవలసినయెడల, చూపవచ్చును, చూపవలెను. ప్రభువు మరణించెనని మనము విశ్వాసప్రమాణములో ప్రతి ఆదివారము పలుకుచున్నాము. సమాధి చేయబడెననికూడ పలుకుచున్నాము. ఆ రెండు మాటలను త్వరగా దాటి మూడవ దినమునకు పరుగెత్తుట మన వాడుక. శుక్రవారమున మూడుగంటలు ఆరాధన చేసి, ఆదివారము తెల్లవారకముందే పాటలు పాడుచు వీధులలో తిరుగుదుము. నడుమనున్న శనివారమున మనకేపనియు లేదు. మాంతేన్యా వ్రాసినది ఆ శనివారమునకు చేర్చు సాయంకాలము. పలకచుట్టు ఉన్న ముగ్గురికి మూడవ దినము సంగతి తెలియదు. వారికి తెలిసినది తమ యెదుటనున్న దేహము మాత్రమే.

ఇది మన సంఘములకు సంబంధములేని మాట కాదు. మన యిండ్లలో మరణము సంభవించినప్పుడు, నిరీక్షణలేనివారివలె దుఃఖపడకూడదని అపొస్తలుడు వ్రాసిన మాటను పట్టుకొని, ఏడ్చుచున్న తల్లిని "ఊరకుండుమమ్మా, క్రైస్తవులము గదా" అని వారించువారు కలరు. వారు సదుద్దేశముతోనే అందురు. కాని అపొస్తలుడు దుఃఖపడవద్దనలేదు, నిరీక్షణలేనివారివలె దుఃఖపడవద్దనెను. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీళ్లు విడిచెను గదా. కొద్దిసేపటిలో అతనిని లేపబోవుచున్నానని ఎరిగియు విడిచెను. బిడ్డను పోగొట్టుకొని మా పాఠశాల వరండాలో బదిలీపత్రము కొరకు కాక, పుస్తకముల సంచి తీసికొనిపోవుటకు వచ్చిన తల్లిని నేనెరుగుదును. ఆమె ఏడ్వలేదు, ఏడ్వకూడదని ఎవరో చెప్పియుండిరి. మాంతేన్యా మరియకు ఆ ఆజ్ఞ ఎవరును చెప్పినట్లు లేదు. ఆమె ముఖమును చూచినవారు, ఏడ్చుటకు సిగ్గుపడనక్కరలేదని తెలిసికొందురు. ఒక చిన్న గుడ్డపటము చేయగల ఉపకారములలో ఇది తక్కువది కాదు.

ఆ చిత్రము ఎప్పుడు వ్రాయబడెనను విషయమున పండితులు ఏకీభవింపరు. 1470 మొదలు 1500 వరకు పలువిధములుగా చెప్పుదురు, 1480 ప్రాంతమని ఎక్కువమంది అభిప్రాయము. అమ్ముటకు వ్రాసినది కాదని తోచుచున్నది, ఏలయన అతడు మరణించునాటికి అది అతని పనిగదిలోనే యుండెను. తన సమాధికొరకు ఉంచుకొనెనని కొందరి ఊహ. అతని కడపటి దినములు సుఖముగా జరుగలేదు. అప్పులు మీదపడెను. 1506వ సంవత్సరము జనవరిలో, తాను ప్రాణమువలె చూచుకొన్న ఫాస్తీనా అను ప్రాచీన రోమీయ స్త్రీయొక్క చలువరాతి ప్రతిమను 100 దుకాతులకు అమ్ముదునని మాంతువా రాణి యిసబెల్లా దెస్తెకు వ్రాసెను. బేరము నెలలతరబడి సాగెను. ఆగస్టునెలలో ఆ ప్రతిమను తీసికొనవచ్చిన రాణి ప్రతినిధి, ముసలివాడు దానిని ఎంతో కష్టముమీద చేతికిచ్చెనని వ్రాసెను. ఆరువారములకు అతడు కన్నుమూసెను. అతనిని చూచుటకు మాంతువాకు రావలెనని బయలుదేరనుండిన జర్మను చిత్రకారుడు అల్బ్రెహ్తు డ్యూరరు, తన జీవితమున ఇంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి జరుగలేదని తరువాత చెప్పుచుండెనట.

అక్టోబరు 2వ తేదీన కుమారుడు లుదొవీకో ప్రభువునకు వ్రాసిన జాబులో, అప్పులు తీర్చుటకై తండ్రి విడిచిన చిత్రముల జాబితా కలదు. అందు ఒకటి కుదించి వ్రాసిన క్రీస్తు. దానిని కార్డినలు సిజిస్మొందో గొంజాగా తీసికొనెను. పిమ్మట ఎన్నో చేతులు మారి, 19వ శతాబ్దపు ఆరంభమున మిలాను చిత్రకారుడు జుసెప్పె బొస్సి వశమాయెను. అతని మరణానంతరము 1824వ సంవత్సరమున బ్రేరాకు చేరెను. మాంతేన్యా సమాధి మాంతువాలో, అల్బెర్తి రచించిన నమూనాప్రకారము కట్టబడిన పరిశుద్ధ అంద్రెయ దేవాలయమున, ప్రవేశించిన వెంటనే ఎడమవైపున నున్నది. అచ్చట అతని కంచుప్రతిమ గోడకు అమర్చబడియున్నది. కనుబొమలు ముడిచి, తలపై లారెలు ఆకుల కిరీటము ధరించి, ఇంకను ఎవరితోనో తగవుపడుచున్నట్లే చూచుచుండును.